కొట్టని గుట్ట

జుమ్మా నమాజు అయినంక షేర్‌వలీ పికప్పు తీసిండు.
వెనక సిమెంటు సంచుల దుమ్ము, ముందర మేమిద్దరం,
మధ్యల నీళ్ల క్యాను, ఆరు ఖుబ్జు రొట్టెలు.
షార్జా వెనకబడ్డది.
ఇసుక ఎర్రబడ్డది, ఆ తర్వాత గులకరాళ్లయింది,
ఒక్కసారిగ గుట్టలు లేచి నిలబడ్డయి
పంచాయితికి పిలవని పెద్దమనుషుల లెక్క.

హత్తా దాటినంక గేటు కాడ
ఖల్ఫాన్ అనే ముసలి కావలిమనిషి
మా చేతులు చూసిండు, ముఖాలు కాదు.
"రాయి తియ్యొద్దు. కొమ్మ విరవొద్దు.
కొండమేక కనవడితె మాట్లాడొద్దు."
గంతే.

మార్చి నెల. ఎండకు ఇంకా పండ్లు మొలవలేదు.
మొన్నటి వానకు వాగు తడిగనే ఉన్నది,
మడుగుల వేలెడు చేపలు,
ఒడ్డుపొంటి గన్నేరు పూత.
ఇంకొంచెం పోతె జమ్మి.
నిజంగ జమ్మే!
ఆకు తుంపి వాసన చూద్దామని చెయ్యి లేపి
ముసలాయన మాట యాదికొచ్చి దించిన.
షేర్‌వలీ దాన్ని గాఫ్ అన్నడు.
"మా దిక్కు దసరాకు ఈ ఆకు చేతుల పెట్టి
బంగారం అంటం" అని చెప్పిన.
"మరి దిర్హాముల కోసం ఇంతదూరం ఎందుకొచ్చినవ్?"
వాని నవ్వు ఎదురు గుట్టకు తాకి మళ్లొచ్చింది.

నేను వడ్డెరోన్ని.
పూల కాడ ఆగేటోళ్లు ఆగుతరు, నేను రాయి కాడ ఆగుత.
ఈనె ఎటు పోతున్నది, చీల ఎక్కడ దించాలె,
ఎన్ని దెబ్బలకు నోరు తెరుస్తది.
ఈ రాయి నాకు కొత్త.
నల్లగ, జిడ్డుగ, నడుమ పాముకుబుసం లాంటి పచ్చ చార.
మెటికతోటి తట్టి చెవి పెట్టిన, మా నాయిన నేర్పినట్టు.
నిండు రాయి ఖంగుమంటది,
పగులున్న రాయికి గొంతు పూడుకపోతది.
ఇది పలికిన తీరు అంతువట్టలేదు.
"ఏమంటున్నది?" షేర్‌వలీ అడిగిండు.
"ఏమో. నా భాష కాదు."

మా గుట్ట మీద గూడ బోర్డు పెట్టిన్రు, లీజు బోర్డు.
నాకు పన్నెండేండ్లప్పుడు దాని నెత్తి పోయింది,
ఇరవై వచ్చేసరికి నడుము.
అందరితోటి నేనూ కొట్టిన, దినకూలికి.
అబద్ధమెందుకు, అప్పుడు బాధ కాలేదు.
రాయి గీత పట్టుకొని సక్కగ పలిగితె
సంబురమైతుండె.

జుమైరాల ఒక విల్లా వంటింట్ల
బండ అమరుస్తుంటె,
గోధుమరంగు మీద ఆ నల్లచుక్కలు చూసి చెయ్యి ఆగింది.
ఎక్కడున్నా గుర్తుపడుత.
నాకంటె ముందే వచ్చింది,
వీసా లేకుంట, ఏజెంటుకు రూపాయి కట్టకుంట.
తడిబట్టతోటి రెండుసార్లు తుడిచిన,
మేస్త్రి తిట్టిండు.

సగం ఎక్కేసరికి దగ్గు లేచింది,
పదకొండేండ్ల మార్బులు పొడి.
స్వాత్ కొండలల్ల పుట్టినోడు షేర్‌వలీ,
ఆగిండు గని వెనక్కి తిరుగలేదు,
బూటు తాడు ముడి ఇప్పి మళ్ల కట్టుకున్నడు
నేను అందుకునేదాక.

మీద కూసున్నం.
కటింగు మిషను చప్పుడు చెవులల్లకెళ్లి పోవుటానికి
శానసేపు పట్టింది.
అది పోయినంక, నీలిమెడ తొండ ఒకటి
మా రొట్టె దిక్కు చూసింది.
అవతలి చరియ మీద ఏదో కదిలింది,
మేకనో, మబ్బు నీడనో.
మేం మాట్లాడలేదు.

ఎవ్వరు కొట్టని గుట్ట ఎట్లుంటదో
ముప్పై తొమ్మిదేండ్లకు చూసిన.
ఏమున్నది దాంట్ల అంటె చెప్పరాదు.
పలిగే గీతలన్ని ఎక్కడియక్కడ్నే ఉన్నయి,
మూసిన కండ్ల లెక్క.

దిగినంక గేటు కాడ
మడిమకు ఏదో గుచ్చుతున్నదని బూటు ఇప్పి దులిపిన.
పెసరగింజంత రాయి.
ఖల్ఫాన్ చూస్తనే ఉన్నడు.
దాన్ని అరచేతుల పెట్టుకొని, ఒంటి బూటుతోటి
మళ్ల లోపలికి నాలుగడుగులు పోయి,
ఎక్కడ పెట్టాల్నో తెలువక
కొద్దిసేపు అట్లనే నిలబడ్డ.